మట్టి వేసిన మరునాడు

మనలో చాలామందికి బంధువులంతా కనబడేది రెండే చోట్ల. ఒకటి పెళ్లి, రెండోది చావు. పెళ్లికైతే పిలుపు ఉండాలి, ఆ పిలిచిన తీరు కూడా బాగుండాలి. కార్డు ఇంటికి వచ్చి ఇచ్చారా, ఎవరి చేతనో పంపించారా అని లెక్క చూసుకుంటాం. చావుకు పిలుపు అక్కర్లేదు, కబురు చాలు. అందుకే పెళ్లికి రాని బాబాయి చావుకు వస్తాడు. వాటాల దగ్గర మాటా మాటా అనుకుని పదేళ్లుగా గడప తొక్కని మేనత్త, పెట్టె పక్కన కూర్చుని ఏడుస్తుంది. పేరు మాత్రమే విన్న పిన్ని పిల్లలను మన పిల్లలు సమాధుల తోటలోనే మొదటిసారి చూస్తారు. మరణం మనకు శత్రువే. అయినా ఆ శత్రువు వచ్చిన రోజునే చెదిరిపోయిన కుటుంబాలను దేవుడు ఒక చోట నిలబెట్టడం మేము ఎన్నో ఇళ్లల్లో చూశాం. ఆ కలయిక ఎన్నాళ్లు నిలుస్తోంది? ఈ వారం మనం ఆలోచించవలసింది అదే.

హైదరాబాదు పాతబస్తీ 2023 జనవరిలో ఇలాంటి ఒక రాకను చూసింది. ఏడో నిజాం మనవడు ముకర్రం జా ఆ నెల 14న ఇస్తాంబుల్‌లో 89వ ఏట కన్నుమూశారు. 1967లో చౌమహల్లా ప్యాలెస్‌లో పట్టాభిషేకం జరిగిన ఆయన, తర్వాత ఆస్ట్రేలియాలోనూ టర్కీలోనూ ఎక్కువ కాలం గడిపారు. అయినా తనను సొంత ఊరి మట్టిలోనే పాతిపెట్టాలన్నది ఆయన కోరిక. 17న పిల్లలు ఆయన దేహాన్ని హైదరాబాదుకు తీసుకువచ్చారు. 18న చౌమహల్లాలో జనం చివరిచూపు చూశాక, మక్కా మసీదు ఆవరణలో పూర్వీకుల సమాధుల మధ్య ఖననం జరిగింది. ఎక్కడెక్కడో బ్రతికిన మనిషి కూడా చివరకు తనవాళ్ల దగ్గరికే చేరాలని కోరుకుంటాడు.

బైబిలు చదివేవారికి ఇక్కడ యాకోబు గుర్తుకు రాక మానడు. ఆయన చివరి 17 ఏళ్లూ ఐగుప్తులోనే గడిపాడు. తిండికి లోటు లేదు, కొడుకు యోసేపు ఆ దేశానికి అధికారి. అయినా తనను అక్కడ పాతిపెట్టవద్దని, తన పితరుల దగ్గరకు చేర్చమని యోసేపు చేత ప్రమాణం చేయించుకున్నాడు (ఆది. 47:29-31). పితరుల చోటు అంటే హిత్తీయుడైన ఎఫ్రోను దగ్గర అబ్రాహాము 400 తులముల వెండికి కొన్న మక్పేలా గుహ.

ఆ గుహ ముందు అంతకు ముందే విచిత్రమైన కలయికలు జరిగాయి. అబ్రాహాము చనిపోయినప్పుడు ఇస్సాకు, ఇష్మాయేలు ఇద్దరూ కలిసి తండ్రిని పాతిపెట్టారని లేఖనం చెబుతోంది (ఆది. 25:9). తల్లితోపాటు ఇంటి నుంచి పంపివేయబడిన కొడుకు ఇష్మాయేలు. తిత్తిలో నీళ్లు అయిపోయి ఎడారిలో చావు అంచుకు వెళ్లివచ్చినవాడు. రాకపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. అయినా వచ్చాడు. కానీ ఆ తర్వాత అన్నదమ్ములిద్దరూ మళ్లీ కలుసుకున్నట్టు బైబిలులో ఎక్కడా రాసి లేదు. ఇస్సాకు చనిపోయినప్పుడు ఏశావు, యాకోబు కలిసి పాతిపెట్టారు (ఆది. 35:29). అయితే వారి సమాధానం సమాధి దగ్గర మొదలైంది కాదు. అంతకుముందే ఏశావు పరుగెత్తి వచ్చి తమ్ముణ్ణి కౌగిలించుకున్నాడు, ఇద్దరూ ఏడ్చారు (ఆది. 33:4).

యాకోబు భూస్థాపన మరింత ఘనంగా జరిగింది. ఐగుప్తీయులు 70 రోజులు అంగలార్చారు. దారిలో ఆటదు కళ్లం దగ్గర మరో 7 రోజులు దుఃఖించారు. అన్నదమ్ములంతా కలిసి వెళ్లి, కలిసి పాతిపెట్టి, కలిసే తిరిగి వచ్చారు. అసలు సంగతి ఆ తర్వాత బయటపడింది. నాన్న పోయాడు, ఇప్పుడు యోసేపు మన మీద పగ తీర్చుకుంటాడేమో అని అన్నలు భయపడ్డారు (ఆది. 50:15). ఆ 17 ఏళ్లూ యోసేపు పెట్టిన అన్నమే తిన్నారు. అయినా గుండెలో ఉన్న భయం అలాగే ఉంది. చివరికి క్షమించమని కబురు పంపారు. అది విని యోసేపు ఏడ్చాడు. భయపడవద్దని చెప్పి, వారినీ వారి పిల్లలనూ పోషిస్తానని మాటిచ్చాడు. భూస్థాపన వారిని ఒక చోటికి మాత్రమే చేర్చింది. వారిని నిజంగా కలిపింది మాత్రం ఇంటికి తిరిగి వచ్చాక మాట్లాడుకున్న ఆ మాటే.

మన ఇళ్లల్లో జరుగుతున్నదేమిటి? సమాధి దగ్గర ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడుస్తాం. ఫోన్ నంబర్లు తీసుకుంటాం, వాట్సాప్ గ్రూపు పెడతాం. మూడో రోజు ఆదరణ కూడికలో పాస్టరు గారు ఐక్యత గురించి చెబితే తల ఊపుతాం. సమాధి మీద పూలు వాడకముందే ఇంటి కాగితాలు ఎవరి దగ్గర ఉన్నాయన్న మాట మొదలవుతుంది. నెల తిరిగేసరికి గ్రూపులో గుడ్ మార్నింగ్ బొమ్మలు తప్ప ఏమీ మిగలవు. జ్ఞాపకార్థ కూడికకు సగం మంది రారు.

మనలో కొందరు అసలు వెళ్లకపోవడం ఇంకా బాధాకరం. మన బంధువుల్లో చాలామంది ప్రభువును ఎరుగనివారు. ఎరిగినవారిలో కూడా ఒకరు సీయస్సై, ఒకరు బాప్టిస్టు, ఒకరు పెంతెకొస్తు. ఆ కర్మకాండ మనకు పడదనో, ఆ సంఘం వారితో మనకు సహవాసం లేదనో ఇంట్లోనే ఉండిపోతాం. చనిపోయినవారి సంగతి చనిపోయినవారికే వదలమని ప్రభువు ఒకనితో అన్న మాటను (లూకా 9:60) అడ్డం పెట్టుకుంటాం. వెంబడించడాన్ని వాయిదా వేయవద్దని చెప్పిన మాట అది, అయినవాళ్లను వదిలేయమని కాదు. ఆ ప్రభువే లాజరు సమాధి దగ్గర కన్నీళ్లు పెట్టాడు. సొంతవారిని పట్టించుకోనివాడు విశ్వాసాన్నే కాదన్నట్టు అని పౌలు తిమోతికి రాశాడు (1 తిమోతి 5:8). మనస్సాక్షి ఒప్పుకోని ఆచారం దగ్గర చేతులు జోడించి వద్దని చెప్పవచ్చు. ఏడుస్తున్న పెద్దమ్మ పక్కన కూర్చోవడానికి ఏ ఆచారం అడ్డు? పాతబస్తీ గల్లీల్లో జనాజా వెళుతుంటే ముక్కూ మొహం తెలియని మనిషి కూడా పని ఆపుకుని నాలుగు అడుగులు భుజం పడతాడు. మనం సొంత పెదనాన్న పాడె దగ్గర సంఘం పేరు అడుగుతున్నాం.

తెగిన బంధం కలవడానికి చావే రావాలని కూడా లేదు. దానికీ పాతబస్తీ చరిత్రలోనే ఒక సాక్ష్యం ఉంది. నిజాం దగ్గర బ్రిటిష్ రెసిడెంటుగా పనిచేసిన జేమ్స్ కిర్క్‌పాట్రిక్, ఇక్కడి గొప్పింటి అమ్మాయి ఖైరున్నీసాను పెళ్లాడాడు. వారి ఇద్దరు పిల్లలను 1805లో ఓడ ఎక్కించి ఇంగ్లండు పంపారు. అదే ఏడాది తండ్రి కలకత్తాలో చనిపోయాడు. 1806లో లండన్‌లో పిల్లలకు బాప్తిస్మమిచ్చి కొత్త పేర్లు పెట్టారు. 1813లో తల్లి హైదరాబాదులో కన్నుమూసింది. కన్నవారి సమాధుల దగ్గర నిలబడే భాగ్యం ఆ పిల్లలకు లేకపోయింది. కూతురు కిట్టీకి పెళ్లయి పిల్లలు పుట్టాక, 1841 ప్రాంతంలో, హైదరాబాదులో ఉన్న అమ్మమ్మ షరఫున్నీసాతో ఉత్తరాలు మొదలయ్యాయి. అప్పటికి విడిపోయి 35 ఏళ్లు దాటింది. అమ్మమ్మ రాసేది పారసీలో, మనవరాలు రాసేది ఇంగ్లీషులో. మతం వేరు, దేశం వేరు. వారు మళ్లీ ఒకరి ముఖం ఒకరు చూసుకోనేలేదు. అయినా బ్రతికి ఉండగానే ఒకరికొకరు దొరికారు. ఆ రోజుల్లో ఉత్తరం సముద్రాలు దాటి రావాలి. మన అత్తయ్య ఉండేది మూసీకి అవతలి ఒడ్డున, ఒక్క బస్సు దూరంలో.

ఇటీవల మన కుటుంబంలో ఎవరైనా ప్రభువు సన్నిధికి చేరి ఉంటే, ఆ రోజు మన పక్కన నిలబడి మట్టి వేసిన బంధువు ఎవరో గుర్తు చేసుకుందాం. జ్ఞాపకార్థ కూడిక దాకా ఆగకుండా ఆ ఇంటికి వెళదాం. వాటాల లెక్క తేలవలసి ఉంటే పెద్దల ముందు న్యాయంగా తేల్చుకుందాం, కానీ దానికి ముందు, ఇన్నేళ్లూ ఎవరూ ఎత్తని ఆ పాత మాట ఎత్తి, క్షమించమని అడుగుదాం. అడిగినవారిని యోసేపులా ఆదరిద్దాం. ఏశావులా ముందే పరుగెత్తగలిగితే మరీ మంచిది, రేపటి కబురు ఎవరి ఇంటి నుంచి వస్తుందో మనకు తెలియదు.