గోడ లోపలి వ్యర్థానికి కాపలా ఎవరు?

సూరత్ గురించి రెండు విషయాలు మీ నోట్సులో పక్కపక్కన రాసుకోండి. ఒకటి, స్వచ్ఛ సర్వేక్షణ్ 2023లో ఇండోర్‌తో కలిసి ఆ నగరం దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. రెండోది, 2022 జనవరి 6 తెల్లవారుజామున సూరత్ శివారులోని సచిన్ పారిశ్రామికవాడలో ఒక ట్యాంకరు రసాయన వ్యర్థాన్ని కాలువలోకి వదులుతుండగా విషవాయువు పుట్టింది. పక్కనే ఉన్న మిల్లులో పనిచేస్తున్న ఆరుగురు కార్మికులు చనిపోయారు. ఇరవై మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు.

ఒకే నగరం, రెండేళ్ల తేడా. వీధి చెత్తను ఇంత బాగా ఎత్తగలిగిన ఊరు పరిశ్రమ చెత్తను ఎందుకు పట్టుకోలేకపోయింది? పర్యావరణం మీద ప్రశ్న రాగానే మనలో చాలామంది రాసే జవాబు ‘చట్టాలను కఠినంగా అమలు చేయాలి’ అనే ఒక్క వాక్యం. ఆ వాక్యానికి మార్కులు రావు. ఎక్కడ అమలు కావడం లేదో, ఎందుకు కావడం లేదో చెబితేనే వస్తాయి. అందుకే ఈ వ్యాసంలో ఒక చిన్న అంశాన్ని మాత్రమే తీసుకుంటున్నాను: పరిశ్రమలు తమ ప్రహరీ లోపల సొంతంగా నడుపుకునే ల్యాండ్‌ఫిల్. నా అభిప్రాయం ముందే చెబుతాను. సొంత ల్యాండ్‌ఫిల్ ఉండటం తప్పు కాదు. కానీ దాని మీద నిఘా, దానికి కావలసిన డబ్బు, మూసేశాక దాని బాధ్యత, ఈ మూడూ యజమాని చేతిలోనే ఉండటం తప్పు.

ముందు సూరత్ ఎలా శుభ్రపడిందో చూద్దాం. 1994 సెప్టెంబరులో అక్కడ ప్లేగు భయం పుట్టి లక్షల మంది ఊరు వదిలి పోయారు. వారిలో మగ్గాల మీద బతికే తెలంగాణ చేనేత కుటుంబాలూ ఉన్నాయి. 1995లో మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు, అంటే సూర్యదేవర రామచంద్రరావు, అధికారులను కుర్చీలోంచి లేపి రోజూ వీధుల్లో తిప్పారు. ఏ వార్డులో చెత్త మిగిలితే ఆ వార్డు అధికారి జవాబు చెప్పాలి. ఊరు మారిపోయింది. ఇక్కడ మీరు గమనించాల్సింది ఆయన పట్టుదల ఒక్కటే కాదు. వీధి చెత్త అందరికీ కనిపిస్తుంది. ఎత్తకపోతే వాసన వస్తుంది, జనం అడుగుతారు, పత్రిక ఫొటో వేస్తుంది. ఫ్యాక్టరీ గోడ లోపల పాతరేసిన వ్యర్థానికి ఈ సాక్షులెవరూ లేరు.

ఇప్పుడు చట్టం వైపు వద్దాం. ప్రమాదకర, ఇతర వ్యర్థాల నిర్వహణ నియమాలు 2016 ప్రకారం, వ్యర్థాల శుద్ధి, నిల్వ, పారవేత కేంద్రానికి స్థలం గుర్తించే బాధ్యత రాష్ట్ర ప్రభుత్వం, పరిశ్రమ యజమాని, కేంద్రం నడిపేవారు, యజమానుల సంఘం, వీరందరిదీ. విడివిడిగానైనా, కలిసైనా. అంటే ఒక పెద్ద పరిశ్రమ అనుమతులు తీసుకుని తన ఆవరణలోనే ల్యాండ్‌ఫిల్ కట్టుకోవచ్చు. ఇదే నియమాల్లో మరికొన్ని గుర్తుంచుకోండి. ప్రమాదకర వ్యర్థాన్ని సాధారణంగా 90 రోజులకు మించి ఆవరణలో నిల్వ ఉంచకూడదు. తాత్కాలిక నిల్వ పేరుతో శాశ్వత గుట్టలు లేవకుండా పెట్టిన గడువు ఇది. వ్యర్థం గేటు దాటితే ఫారం 10 మ్యానిఫెస్టు వెంట ఉండాలి. ఏటా జూన్ 30 లోపు ఫారం 4లో కాలుష్య నియంత్రణ మండలికి లెక్క చెప్పాలి.

ల్యాండ్‌ఫిల్ అంటే గొయ్యి తవ్వి పూడ్చడం అనుకోకండి. అడుగున గట్టిగా దిమ్మిస చేసిన బంకమట్టి, దాని మీద 1.5 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ షీటు, మళ్లీ అదే వరసలో ఇంకో జత. రెండు జతల మధ్య ఊట నీటిని పట్టే పొర ఉంటుంది. వ్యర్థంలోంచి దిగే విషపు నీటిని పైన ఉన్న పైపులు తోడేస్తాయి. ఒకవేళ పై షీటుకు చిల్లు పడితే నీరు ఆ మధ్య పొరలోకి చేరుతుంది. అంటే మధ్య పొరలో నీరు పెరిగిందంటే ప్రమాద ఘంట మోగినట్టే. చుట్టూ పరిశీలన బోర్లు ఉంటాయి, భూగర్భ జలం మారుతోందా లేదా వాటి ద్వారా తెలుస్తుంది. గొయ్యి నిండాక పైన మూత వేస్తారు. ఆ తర్వాత కూడా 30 ఏళ్ల పాటు కనిపెట్టుకుని ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాలు చెబుతాయి.

ఇంత మంచి ఏర్పాటు ఉన్నప్పుడు ఇబ్బంది ఏమిటి? ఆ ఘంట మోగేది ఎవరి చెవిలో అన్నదే ఇబ్బంది. మధ్య పొరలో నీటి మట్టం రాసుకునేది పరిశ్రమ సిబ్బంది. బోరు నీటి పరీక్షకు డబ్బు కట్టేది పరిశ్రమ. ఆ నివేదిక మండలి ఫైల్లోకి వెళ్తుంది, పక్క ఊరి పంచాయతీ గోడ మీదికి రాదు. కంచే చేను మేసినా చెప్పేవాడు లేని పరిస్థితి. ప్రతి పరిశ్రమా తప్పు చేస్తుందని నేను అనడం లేదు. తప్పు జరిగిన రోజున తెలిసే దారి లేదని అంటున్నాను.

సొంత ల్యాండ్‌ఫిల్‌కు అనుకూలమైన వాదన కూడా బలమైనదే. దాన్ని దాటేసి రాస్తే మీ జవాబు ఒంటికాలి మీద నిలబడుతుంది. వ్యర్థం గేటు దాటకపోతే దారిలో మాయమయ్యే ప్రమాదం ఉండదు. సచిన్‌లో జరిగింది సరిగ్గా అదే. ఆ వ్యర్థం మహారాష్ట్ర వైపు నుంచి ట్యాంకరులో వచ్చిందని పోలీసు దర్యాప్తు చెప్పింది. పుట్టిన చోట ఒకరు, మోసినవారు ఇంకొకరు, కుమ్మరించిన చోటు మూడోది, చనిపోయినవారికి ఈ ముగ్గురితోనూ సంబంధం లేదు. సక్రమంగా పారవేయడానికి టన్నుకు ఇంత అని కట్టాలి. రాత్రి పూట ట్యాంకరు వాడికి అప్పగిస్తే అందులో కొంతతో పని అయిపోతుంది. ఆ తేడాయే ఈ దొంగ వ్యాపారానికి పెట్టుబడి. సొంత ల్యాండ్‌ఫిల్ ఉన్న పరిశ్రమకు ఈ ఆశ తక్కువ. పైగా తన పునాదుల కిందే వ్యర్థం ఉంది కాబట్టి తప్పించుకోవడమూ కష్టం.

అయితే తప్పించుకోవడం కష్టమన్నది పరిశ్రమ నడుస్తున్నంత కాలమే నిజం. అమెరికాలోని లవ్ కెనాల్ చూడండి. నయాగరా ఫాల్స్ పట్టణంలో హుకర్ కెమికల్ సంస్థ 1942 నుంచి దాదాపు పదేళ్ల పాటు ఒక పాత కాలువలో సుమారు 21 వేల టన్నుల రసాయన వ్యర్థాన్ని పూడ్చింది. 1953లో ఆ స్థలాన్ని ఒక్క డాలరుకు అక్కడి స్కూలు బోర్డుకు అమ్మేసింది. దాని మీద బడి కట్టారు, చుట్టూ ఇళ్లు లేచాయి. 1978లో అత్యవసర పరిస్థితి ప్రకటించి కుటుంబాలను ఖాళీ చేయించాల్సి వచ్చింది. 1980లో వచ్చిన సూపర్‌ఫండ్ చట్టం ఆ పాఠంలోంచి పుట్టిందే. మన దగ్గర భోపాల్ ఉంది. 1984 దుర్ఘటన జరిగిన ఆవరణలో మిగిలిన 337 టన్నుల వ్యర్థం పీథంపూర్‌కు బయలుదేరడానికి 2025 జనవరి వచ్చింది. కంపెనీ పేరు మారవచ్చు, దివాలా తీయవచ్చు, భూమి చేతులు మారవచ్చు. అడుగున ఉన్నది మాత్రం అక్కడే ఉంటుంది.

ఇక్కడే చట్టంలో ఒక సందు గమనించండి. జాతీయ హరిత ట్రైబ్యునల్ చట్టం 2010లోని సెక్షన్ 15 కింద నష్టపరిహారం కోరాలంటే కారణం మొదట తలెత్తిన రోజు నుంచి 5 ఏళ్లలోపు దరఖాస్తు చేయాలి. ఆ తర్వాత మహా అయితే మరో 60 రోజులు. షీటుకు చిల్లు పడిన సంగతి బావిలో నీళ్ల రుచి మారాక గానీ రైతుకు తెలియదు. కారణం మొదట తలెత్తింది ఎప్పుడని అతను నిరూపించాలి? నివేదికలు ఎవరి దగ్గర ఉన్నాయో ఇప్పటికే చెప్పుకున్నాం.

సూరత్‌కు ఇంకో ముప్పు ఉంది. తాపీ నది సముద్రంలో కలిసే చోట, హజీరా తీరంలో భారీ పరిశ్రమలు ఉన్నాయి. 2006 ఆగస్టులో ఉకాయి డ్యాం నుంచి వదిలిన వరదతో నగరంలో చాలా భాగం మునిగింది. అలాంటి నేలలో 30 ఏళ్ల బాధ్యత అంటే కనీసం ఒక్క పెద్ద వరదనైనా లెక్కలో వేసుకోవాలి.

మరి చేయాల్సింది ఏమిటి? మొదటిది, ల్యాండ్‌ఫిల్‌లోకి వెళ్లేదాన్ని తగ్గించడం. 2016 నియమాలే వరస చెప్పాయి: నివారణ, తగ్గింపు, పునర్వినియోగం, రీసైక్లింగ్, రికవరీ, చివరగా సురక్షితంగా పారవేయడం. హజీరాలో 2022 జూన్‌లో ప్రారంభమైన ఆరు వరసల రోడ్డు దీనికి చక్కటి ఉదాహరణ. కంకరకు బదులు ఉక్కు కర్మాగారపు స్లాగ్‌ను శుద్ధిచేసి, దాదాపు లక్ష టన్నులు వాడి, సీఎస్ఐఆర్ రోడ్డు పరిశోధన సంస్థ సాయంతో కిలోమీటరు పొడవున వేశారు. అయితే ఒక జాగ్రత్త. స్లాగ్ లాంటివి పరిమాణం ఎక్కువ, ప్రభావం తక్కువ ఉన్న వ్యర్థాలుగా నియమాల్లో వేరుగా ఉన్నాయి. అద్దకం మిల్లుల రసాయన బురదకు అదే వైద్యం పనికిరాదు. మండే గుణం ఉన్న వ్యర్థాలను సుమారు 1,450 డిగ్రీల వేడి ఉండే సిమెంటు బట్టీల్లో వాడుకోవచ్చు. ఇవన్నీ అయ్యాక మిగిలిందే గొయ్యిలోకి పోవాలి.

రెండోది, నిఘా బయటివారికి ఇవ్వడం. పరిశీలన బోర్ల నమూనాలను పరిశ్రమ ఎంచుకోని ప్రయోగశాల తీయాలి. ఫలితాలు తెలుగు ఊరైతే తెలుగులో, గుజరాతీ ఊరైతే గుజరాతీలో గ్రామ పంచాయతీ దగ్గర ఉండాలి.

మూడోది, డబ్బు ముందే పక్కన పెట్టించడం. గొయ్యిలో పడే ప్రతి టన్నుకు కొంత మొత్తం యజమాని ముట్టుకోలేని ఎస్క్రో ఖాతాలో జమ కావాలి. మూసేశాక 30 ఏళ్ల ఖర్చు అందులోంచే. కంపెనీ ఉన్నా లేకపోయినా ఖాతా ఉంటుంది. స్థలం అమ్మితే కింద ఏముందో రిజిస్ట్రేషన్ పత్రాల్లో కనిపించాలి.

దీనికి అభ్యంతరం ఏమిటో మీకు తెలుసు: చిన్న పరిశ్రమ ఈ భారం మోయలేదు. నిజమే, మోయలేదు. అందుకే చిన్న యూనిట్లకు సొంత గొయ్యి కాదు, దుండిగల్, పరవాడ లాంటి ఉమ్మడి కేంద్రాలే సరైన దారి. అవసరమైతే అక్కడి రుసుములో ప్రభుత్వం వాటా పెట్టుకోవాలి. రాయితీ ఖర్చు ఖజానాకు కనిపిస్తుంది. రాత్రి ట్యాంకరు ఖర్చు మిల్లులో నిద్ర కాచే కూలీ ప్రాణం మీద పడుతుంది. ఎలాగూ ఎవరో ఒకరు కడతారు. కనిపించే చోట కట్టడమే న్యాయం. పైగా 2023 జన్ విశ్వాస్ చట్టం పర్యావరణ పరిరక్షణ చట్టంలోని జైలు శిక్షకు బదులు 10 వేల నుంచి 15 లక్షల రూపాయల జరిమానా పెట్టింది. జైలు భయం తగ్గిన చోట ముందస్తు డిపాజిట్ భయమైనా ఉండాలి కదా.

ఇది గుజరాత్ గొడవ అనుకుని పేజీ తిప్పేయకండి. పటాన్‌చెరు నక్కవాగు రైతుల కేసు 1990లో సుప్రీంకోర్టుకు వెళ్లి దశాబ్దాలు సాగింది. రేపు మీరు డిప్యూటీ కలెక్టర్‌గా చేరే డివిజన్‌లో ఒక మందుల ఫ్యాక్టరీ ఉంటుంది, దాని ప్రహరీ పక్కన ఒక బావి ఉంటుంది. ఆ బావి నీళ్ల నివేదిక అడిగే అధికారం మీకు ఉంటుంది. దాన్ని అడిగారా లేదా అన్నదాని మీదే చాలా ఆధారపడి ఉంటుంది.

సాధన కోసం ప్రశ్న: ‘కాలుష్యకారకుడే చెల్లించాలన్న సూత్రం, కాలుష్యకారకుడే కనిపించకుండా పోయాక ఎలా పనిచేస్తుంది? పారిశ్రామిక ల్యాండ్‌ఫిల్‌ల నేపథ్యంలో చర్చించండి.’ 250 పదాలు, 15 మార్కులు. బిచ్ఛ్రీ తీర్పు 1996, ఎన్జీటీ చట్టం సెక్షన్ 20, సచిన్ ఘటన, ఈ మూడూ రావాలి. ‘కఠినంగా అమలు చేయాలి’ అన్న వాక్యం మాత్రం రాకూడదు.