గ్రౌండ్ ఫ్లోర్ గది అడిగితే దయ అడిగినట్టు కాదు



పోస్టు కొంచెం పెద్దదే. ఓపికగా చదవండి. నచ్చకపోతే కింద తిట్టండి గానీ సగం చదివి మాత్రం తిట్టొద్దు.

మా హాస్టల్ అద్దె బిల్డింగులో నడుస్తోంది. కింద ఓనర్ గారి సిమెంటు గోడౌను, పైన మూడంతస్తుల్లో మేం. మెట్లు ఇరుకు. రెయిలింగు ఒక పక్కే ఉంది, అదీ ఊగుతుంది. మాలో ఒకడు డిగ్రీ సెకండియర్, సికిల్ సెల్ ఉన్నవాడు. తుంటి ఎముక దెబ్బతింది. మామూలు రోజుల్లో చూస్తే వీడికేం జబ్బు అనిపిస్తుంది. నొప్పి వచ్చిన రోజు మంచం దిగలేడు. అలాంటోడికి ఇచ్చింది మూడో అంతస్తు గది. తాగే నీళ్ల డ్రమ్మేమో కింద. నీళ్లు సరిగా తాగకపోతే ఈ జబ్బులో నొప్పి మొదలవుతుంది. నీళ్ల కోసం ఎక్కి దిగితే తుంటి పట్టేస్తుంది. ఏం చెయ్యాలి వాడు?

గోడౌను పక్కన ఒక గది ఉంది. పాత సోఫా, విరిగిన కూలరు, పెయింటు డబ్బాలు తప్ప అందులో ఏమీ లేవు. ఆ గది వాడికిమ్మని కాగితం మీద రాసి అడిగాం. వార్డెన్ సారు "బిల్డింగు ఓనర్‌ది, నా చేతిలో ఏముందిరా" అన్నారు. ఓనర్ గారి దగ్గరికెళ్తే "నేను డిపార్టుమెంటుకి అద్దెకిచ్చాను, మీకు కాదు. అక్కడే అడగండి" అన్నారు. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు మూడు వారాలు తిరిగాం. ఆ మూడు వారాలూ వాడు మెట్ల మీద కూర్చుంటూ లేస్తూ ఎక్కాడు.

తర్వాత బయట గది వెతికాం. ఒకాయన "నడిరాత్రి ఏమైనా అయితే మాకు తలనొప్పి" అన్నాడు. ఒకావిడ కింది పోర్షన్‌కి వెయ్యి ఎక్కువ అడిగింది, నీళ్లు ఎక్కువ వాడతాడని. ఇంకొకాయన ముందు ఊరడిగాడు, తర్వాత కులమడిగాడు, ఆ తర్వాత గది ఖాళీ లేదన్నాడు. టు-లెట్ బోర్డు మాత్రం గేటుకి అలాగే వేలాడుతోంది. చివరికి మావాడు ఊరెళ్లిపోయాడు. సెమిస్టర్ ఫీజు కట్టి వెళ్లాడు. తిరిగొస్తాడో లేదో మాకు తెలీదు. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటోడు వాడే.

ఇప్పుడు అసలు సంగతి. ఇది ఎవరి బాధ్యత?

చాలామందికి తెలియని మాట ఒకటి ముందు చెప్తాం. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం సికిల్ సెల్ కూడా వైకల్యమే. పాత 1995 చట్టంలో ఏడు రకాలే ఉండేవి, కొత్త చట్టంలో 21 చేశారు. తలసీమియా, హీమోఫిలియా, సికిల్ సెల్ ఆ లిస్టులోకి వచ్చాయి. మన గూడేల్లో ఈ జబ్బు ఎంతుందో మనకి ఒకరు చెప్పాలా? 2023 జూలైలో ప్రధానమంత్రి మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టారు. రక్తపరీక్షలు చేస్తున్నారు, కార్డులిస్తున్నారు. మంచిదే. కార్డు చేతికిచ్చి మూడో అంతస్తు ఎక్కమంటే ఆ కార్డుతో ఏం చేసుకోవాలి?

"సదరంలో నలభై శాతం లేదు కదా, నీకెందుకిస్తారు" అని మనవాళ్లే కొందరంటున్నారు. తప్పు. ఉన్నత చదువుల్లో 5 శాతం సీట్ల రిజర్వేషన్‌కి 40 శాతం కావాలి. వివక్ష చూపొద్దనే 3వ సెక్షన్‌కి ఆ లెక్క లేదు. వైకల్యం ఉన్న మనిషికి తగిన సర్దుబాటు చెయ్యాలని చట్టం అంటోంది. తగిన అంటే ఏంటో కూడా చెప్పింది. చేసేవాళ్ల మీద మొయ్యలేని భారం పడకుండా, ఆ మనిషికి అవసరమైన మార్పు. పెయింటు డబ్బాలు పక్కకి జరపడం మొయ్యలేని భారమా?

వార్డెన్ సారు మాటకి జవాబు 16వ సెక్షన్‌లో ఉంది. ప్రభుత్వం డబ్బిచ్చే, గుర్తించే విద్యాసంస్థల్లో బిల్డింగూ సౌకర్యాలూ అందరికీ అందుబాటులో ఉండాలి, ఒక్కొక్కరి అవసరాన్ని బట్టి సర్దుబాటు జరగాలి. సొంత బిల్డింగు అయితేనే అని అందులో లేదు. అద్దె బిల్డింగు ఎంచుకున్నది డిపార్టుమెంటు, అగ్రిమెంటు మీద సంతకం పెట్టింది డిపార్టుమెంటు. మెట్లున్నాయని సంతకం పెట్టేటప్పుడు కనపడలేదా? కింద ఒక గది, ఒక బాత్రూము, ఒక ర్యాంపు ఉంటేనే తీసుకుంటాం అని ఒక్క లైను రాస్తే సరిపోయేది.

ఓనర్ గారి మాటకి కూడా జవాబుంది. ఈ చట్టంలో పబ్లిక్ బిల్డింగు అంటే ప్రభుత్వానిది మాత్రమే కాదు. ప్రైవేటుదైనా సరే, చదువు కోసం జనం వాడే బిల్డింగు కూడా అందులోకే వస్తుంది. నెలనెలా ప్రభుత్వ డబ్బు అద్దెగా తీసుకుంటూ "ఇది నా సొంతం, నా ఇష్టం" అంటే కుదరదు. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే దారిలో మాట్లాడింది. అందుబాటు ప్రమాణాలు ఇష్టముంటే పాటించే సలహాల్లా ఉండకూడదు, తప్పనిసరి రూల్స్ చెయ్యండి అని కేంద్రానికి మూడు నెలలు గడువిచ్చింది.

మామూలు ఇంటి ఓనర్ల సంగతి వేరు. ఇక్కడ అబద్ధం చెప్పం. ఇంట్లో ఒక పోర్షన్ అద్దెకిచ్చుకునే మనిషిని నేరుగా పట్టుకునేలా ఈ చట్టం స్పష్టంగా రాయలేదు. అది చట్టంలో ఉన్న లోపం, దాని గురించి కూడా అడగాలి. కానీ చట్టం లేనిచోట మనిషితనం కూడా ఉండకూడదా? మేం అడిగేవి చూడండి. కింది గది ఖాళీగా ఉంటే ముందు అవసరమున్నోడికి ఇవ్వండి. జబ్బు పేరు చెప్పి అద్దె పెంచొద్దు. బాత్రూములో పట్టుకోవడానికి ఒక రాడ్డు బిగించుకుంటామంటే సరేననండి. రాడ్డు ఖర్చు మాది, ఖాళీ చేసేటప్పుడు ఆ కన్నాలు పూడ్చే పూచీ కూడా మాదే. వీటిలో ఒక్కదానికైనా ఇల్లు కూలిపోతుందా?

ఓనర్లకీ లోన్లుంటాయి, భయాలుంటాయి, ఒప్పుకుంటాం. కానీ ప్రతి ఇంటి ముందూ బైకు ఎక్కించుకోవడానికి సిమెంటు జారుడు కట్టుకున్నారు కదా! బండి కోసం గడప పగలగొట్టొచ్చు, మనిషి కోసం కుదరదా? పైగా దాన్నే చూపించి "ఇది ర్యాంపు కాదా" అంటారు. కాదు. ర్యాంపుకి లెక్కుంది, అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు. ఆరంగుళాల మెట్టుకి ఆరడుగులు కావాలి. బైకు జారుడు మీద వీల్‌చెయిర్ ఎక్కిస్తే మనిషి వెనక్కి పడతాడు.

ఇక మన సంగతి. ఓనర్లని తిట్టడం సులువు. మా హాస్టల్లో మొదటి అంతస్తు గదులు ఎవరివి? సీనియర్లవి. సిగ్నల్ బాగా వస్తుందని, మెస్ దగ్గరని. మావాడు అడిగినప్పుడు మాలో ఒక్కడైనా "నా గది తీసుకో" అన్నాడా? అనలేదు. వాడు నొప్పితో పడుకుంటే క్లాసు ఎగ్గొట్టడానికి నాటకాలన్నాం. కాలీడ్చి నడిస్తే పేరు పెట్టి పిలిచాం. ఓనర్ ఒక్కసారి అన్నాడు, మేం రోజూ అన్నాం. ఈ పోస్టు రాసే ముందు వాడికి ఫోన్ చేసి తప్పయిపోయిందని చెప్పాం. మూడు మంచాలున్న మొదటి అంతస్తు గది ఒకటి వాడి కోసం ఖాళీ చేశాం. అదొక్కటీ సరిపోదు, వాడికి మెట్టు లేని గదే కావాలి.

అందుకే ఇలా చేద్దాం.

ఒకటి. ప్రతి అద్దె హాస్టల్ నుంచీ స.హ. చట్టం కింద అద్దె అగ్రిమెంటు కాపీ అడుగుదాం. అప్లికేషన్‌కి పది రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ర్యాంపు, కింది గది మాట అందులో ఉందో లేదో చూద్దాం.

రెండు. నోటిమాట ఆపేద్దాం. ఏది అడిగినా కాగితం మీద, తేదీ వేసి, ఇంకో కాపీ మీద సంతకం తీసుకుని అడుగుదాం. మేం మొదట చేసిన తప్పు అదే, కాగితం ఇచ్చాం గానీ మా దగ్గర కాపీ ఉంచుకోలేదు. వార్డెన్ కాదంటే ఐటీడీఏ పీవో గారికి, అక్కడా కాకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కి. చట్టం ఉల్లంఘిస్తే 89వ సెక్షన్ కింద మొదటిసారి పదివేల వరకు జరిమానా ఉంది. తర్వాత మళ్లీ చేస్తే యాభై వేల నుంచి ఐదు లక్షలు.

మూడు. అగ్రిమెంటు రెన్యువల్‌కి వచ్చినప్పుడు ఆ ఒక్క లైను రాయించేదాకా వదలొద్దు. కొత్త బిల్డింగు చూడ్డానికి వెళ్తే స్టూడెంట్లని కూడా తీసుకెళ్లమని అడుగుదాం.

నాలుగు. మీ గదిలో, మీ అంతస్తులో ఇలాంటివాళ్లు ఉంటే ఈరోజే గది మార్చుకోండి. దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

అన్నలూ, అక్కలూ, తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మన పెద్దోళ్లు భూమి మాది అని అడిగారు, అడవి మాది అని అడిగారు. మనం ఇప్పుడు అడుగుతున్నది పెయింటు డబ్బాలున్న ఒక గది. అది కూడా దణ్ణం పెట్టి అడగాలా? సెమిస్టర్ పరీక్షల లోపు మావాడు ఆ గదిలో ఉండాలి. మీ హాస్టల్లో ఎన్ని మెట్లున్నాయో, కింద గది ఉందో లేదో కామెంట్లో రాయండి. అన్నీ కలిపి ఒక్క కాగితం చేసి పీవో గారి దగ్గరికి అందరం కలిసే వెళ్దాం.

జై ఆదివాసీ.