వాయిదాల నడుమ బాల్యము

భార్యాభర్తలు విడిపోవచ్చును, తలిదండ్రులు విడిపోరాదు. చట్టము దాంపత్యమును రద్దుచేయగలదు గాని పితృత్వమును రద్దుచేయజాలదు. అయినను మన కుటుంబ న్యాయస్థానముల ముంగిట నిలిచి చూచినవారికి, రంగుపెన్సిళ్ల పెట్టె చేతబట్టుకొని, కన్నబిడ్డను రెండు గంటలసేపు చూచుటకై బల్లమీద కాచుకొనియున్న తండ్రులు కనబడుచునే యున్నారు. ఈ దుస్థితికి కారణమేమి?

చట్టమున తండ్రికి లోటు లేదు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టము 6వ సెక్షనున తండ్రినే మొదటి సహజ సంరక్షకునిగా పేర్కొన్నది. అయిదేండ్లు నిండని బిడ్డ సాధారణముగ తల్లియొద్ద నుండవలెనన్నది. తండ్రి జీవించియున్నను తల్లి సహజ సంరక్షకురాలు కావచ్చునని 1999లో గీతా హరిహరన్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు తేల్చినది. అది న్యాయమే. ఇక 13వ సెక్షను బిడ్డ క్షేమమే సర్వప్రధానమని శాసించుచున్నది. కావున తల్లి గెలిచెనా, తండ్రి గెలిచెనా యను ప్రశ్నయే అసంగతము.

లోపమంతయు కాలయాపనయందే యున్నది. బిడ్డ సాధారణముగ నివసించుచోటి న్యాయస్థానముననే అర్జీ వేయవలెనని 1890 నాటి సంరక్షకుల చట్టము 9వ సెక్షను విధించుచున్నది. నియమము మంచిదే. కాని హైదరాబాదున నౌకరి చేయుచు, విశాఖపట్టణమున బిడ్డ గల తండ్రికి ప్రతి వాయిదాయు ఒక రాత్రి రైలు ప్రయాణము. తీరా చేరినపిదప ఎదుటి వకీలు రాకపోయిన, మరల వాయిదా! మధ్యకాలపు ఉత్తరువు లిచ్చుటకు 12వ సెక్షను అధికార మొసగినది గాని గడువు విధింపలేదు. హిందూ వివాహ చట్టము 26వ సెక్షనునకు 2001లో చేసిన సవరణ, బిడ్డ భరణమునకును చదువునకును సంబంధించిన అర్జీలను నోటీసు అందిన 60 దినములలో సాధ్యమైనంతవరకు తేల్చవలెనన్నది. అది ఉచితమే. కాని తండ్రి ధనమునకు గడువు కలదు. తండ్రి దర్శనమునకు గడువు లేదు!

ఈ ఆలస్యమే తుదకు తీర్పగుచున్నది. మూడవ యేట దూరమైన బిడ్డకు ఆరవ యేట తండ్రి ముఖమే కొత్త. అప్పుడు, బిడ్డ అచ్చట అలవాటుపడినది, కదల్పరాదందురు. ఆ మాట నిజమే కావచ్చును. కాని ఆ స్థితిని కల్పించినది న్యాయవిచారణ కాదు, కాలహరణము. అత్తవారింట బిడ్డను విడువవలసివచ్చిన తల్లికిని ఇదే గతి.

భరణ మెగవేయుటకును, భార్యను వేధించుటకును బిడ్డను సాధనముగ వాడుకొను తండ్రులు లేకపోలేదు. హింస జరిగినచోట బిడ్డ రక్షణయే ముఖ్యము. అట్టివారికి పరుల సమక్షమున సందర్శనము తగును. ఆ కట్టుబాటును నిర్దోషులకును సామాన్యవిధిగ చేయుట యెట్లు తగును?

2015లో లా కమిషన్ తన 257వ నివేదికయందు ఉమ్మడి సంరక్షణను సిఫారసు చేసినది. 2020లో యశితా సాహు వ్యాజ్యమున సుప్రీంకోర్టు, బిడ్డకు ఇరువురి ప్రేమయు అవసరమని చెప్పి, దూరముననున్న వారికి ప్రతిదినము 5, 10 నిమిషములైనను బిడ్డతో మాటలాడు అవకాశ ముండవలెనన్నది. ఈ హితవు శాసనముగ మారవలెను. తాత్కాలిక సందర్శనపు అర్జీలను సైతము 60 దినములలో తేల్చవలెను. తప్పిన సందర్శనమును మరువారము పూరింపవలెను. కలిసికొను తావు న్యాయస్థానపు వసారా కాక, బిడ్డ ఆడుకొనదగిన చోటు కావలెను. తండ్రులును తమ ధర్మమును మరువరాదు: భరణము సకాలమున చెల్లింపవలెను, బిడ్డయెదుట తల్లిని నిందింపరాదు.

పెద్దల వ్యాజ్యమునకు ఎన్ని వాయిదాలైనను వేయవచ్చును. బాల్యమునకు వాయిదా లేదు.