కాలిన కొంపకి తలుపులెందుకంటారా?

కొన్నేళ్ళ కిందట ఓ కార్తీకమాసంలో బందరులో మా అమ్మమ్మగారి ఇల్లు కాలింది. ఇన్వర్టర్ దగ్గర మొదలైందన్నారు. అద్దెకున్నవాళ్ళు పిల్లల్తో సహా క్షేమంగా బయటపడ్డారు, ఫైరింజను వచ్చింది, తెల్లారేసరికి మంటలు ఆరిపోయాయి. అందరం "అమ్మయ్య" అనుకున్నాం. ఈ సోదంతా ఆ "అమ్మయ్య" గురించే.

ఆ రోజు సాయంత్రం కాన్ఫరెన్స్ కాల్ పెట్టుకున్నాం. గుడివాడ నుంచి పెద్దమావయ్య, అవనిగడ్డ నుంచి పిన్ని, డల్లాస్ నుంచి బావ, బెంగుళూరు నుంచి నేను. గంటంబావు మాట్లాడాం. షార్ట్ సర్క్యూట్ ఎలా అయ్యుంటుంది, తప్పెవరిది, అద్దెవాళ్ళ అడ్వాన్సు తిరిగివ్వాలా వద్దా, స్థలం అమ్మేస్తే గజం ఎంత పలుకుతుంది... అన్నీ అయ్యాయి. చివర్లో పిన్ని నెమ్మదిగా, "అన్నయ్యా, తలుపులూ కిటికీలూ కాలిపోయాయిగా, ఎవరన్నా లోపలికి పోతారేమో, ఏదన్నా అడ్డం కొట్టిద్దామా?" అంది. పెద్దమావయ్య నవ్వేసి, "కాలిపోయిన కొంపకి తలుపులెందుకే? దొంగలొచ్చి బూడిదెత్తుకుపోతారా?" అన్నాడు. మేమూ నవ్వాం. నేనూ నవ్వాను. అది రాయకపోతే ఈ టపా రాసే అర్హత నాకు లేదు.

తర్వాత ఏమైందో చెప్తాను. నాలుగో రాత్రి సింహద్వారం తాలూకు టేకు గడప, ముందుగది గుమ్మాలు రెండూ మాయం. వారం తిరక్కుండా కరెంటు వైర్లన్నీ గోడల్లోంచి పీక్కుపోయారు. పదోరోజున వాయుగుండం పట్టి మూడ్రోజులు వదలకుండా వాన. వెనకవైపు వంటిల్లు పెంకుటిల్లు, దాని కప్పు మొత్తం మంటల్లో పోయింది కాబట్టి వాన నేరుగా ఇంట్లోకే. పంతొమ్మిదో రోజు పక్కసందులో కుర్రాడు, పన్నెండేళ్ళుంటాయి, మిగిలిన రాగితీగ కోసం వంటింట్లోకి వెళ్ళాడు. నానిపోయిన గోడ వాడి మీద పడింది. ప్రాణం దక్కింది, కాలు విరిగింది. ఆస్పత్రి ఖర్చు మేమే పెట్టుకున్నాం. వాళ్ళమ్మ మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బావుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ కాలు విరిగింది మంటల వల్ల కాదు, మా కాల్ వల్ల.

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈ సంగతి తేలిగ్గా అర్థం కావాలి. ప్రొడక్షన్‌లో సర్వర్ పడిపోతే ముందు ఏం చేస్తాం? ట్రాఫిక్ ఆపుతాం, మిగిలిన డేటా పాడవకుండా కాపాడతాం, అప్పుడు తీరిగ్గా కారణం వెతుకుతాం. తప్పెవరిదో తేలేదాకా పోర్టులన్నీ బార్లా తెరిచిపెట్టి కూర్చోం కదా. మరి సొంత ఇల్లు కాలితే చేసేది సరిగ్గా అదే. మొదటి మీటింగులోనే కారణమూ, నష్టమూ, వాటాలూ. అడ్డం కట్టే పని మాత్రం అజెండాలో ఉండదు.

అసలు ఫైరింజను వెళ్ళిపోయాక ఇల్లు ఏ పరిస్థితిలో ఉంటుందో చూడండి. కాంక్రీటు 300 డిగ్రీల సెల్సియస్ దాటితే బలం కోల్పోవడం మొదలెడుతుంది. ఉక్కు 550 డిగ్రీల దగ్గర దాదాపు సగం బలమే చూపిస్తుంది. గదిలో బాగా రాజుకున్న మంట 800 డిగ్రీలు సులువుగా దాటుతుంది. కాగిన శ్లాబు మీద చన్నీళ్ళు పడితే ఇంకొన్ని పగుళ్ళు. పైనుంచి పట్టి ఉంచే దూలాలూ వాసాలూ పోయాక గోడ ఒంటరిగా నిలబడుతుంది, గట్టి గాలికో వానకో పడిపోతుంది. చూడ్డానికి మాత్రం నల్లగా, నిబ్బరంగా, నిన్నటిలాగే ఉంటుంది.

ఇంకోవైపు, అంతా పోయిందనుకోవడమూ తప్పే. పెద్ద టేకు దూలం నిప్పులో నిమిషానికి ముప్పాతిక మిల్లీమీటరు లోపే బొగ్గవుతుంది. అంటే అరగంట మంటలో ఓ పక్క నుంచి రెండు సెంటీమీటర్లు. ఎనిమిదంగుళాల దూలానికి అది పైతోలే. మా ముందుగదుల కప్పు మద్రాసు టెర్రస్, అంటే టేకు దూలాల మీద ఇటుకలు నిలబెట్టి సున్నంతో పేర్చినది. ఆ దూలాలు మంటకి తట్టుకున్నాయి. మేం చేసినదానికి తట్టుకోలేకపోయాయి. రెండు నెలలు తడిసి, చివర్లు కుళ్ళి, గోడల్లోనే మెత్తబడిపోయాయి. తర్వాత చూసిన తాపీమేస్త్రి, "బాబూ, అప్పుడే నాలుగు బరకాలు కప్పుంటే ఈ రెండు గదులూ ఇంకో యాభయ్యేళ్ళుండేవి" అన్నాడు. ఖర్చెంతయ్యేదని అడిగాను. కప్పు మీద బరకాలూ, కిటికీలకి ప్లైవుడ్డూ, సరుగుడు బాదుల పోట్లూ, కూలీ అంతా కలిపి ముప్పైవేల లోపే. ఆ కాల్‌లో ఉన్నవాళ్ళలో నెలకి అంత అపార్టుమెంటు మెయింటెనెన్సుకీ కారు వాయిదాకీ కట్టనివాళ్ళెవరూ లేరు.

ఇది మా ఒక్క కొంప గోల అనుకుంటారేమో. 2023 జనవరి 19న సికింద్రాబాదు మినిస్టర్ రోడ్డులో డెక్కన్ మాల్ కాలింది. ముగ్గురు కార్మికులు లోపల చిక్కుకుపోయారు. మంటలు ఆరాక కూడా లోపలికి వెళ్ళి వెతకడం సిబ్బందికి గండమైంది. వరంగల్ ఎన్ఐటీ నిపుణులొచ్చి చూశారు. చుట్టుపక్కల బస్తీవాళ్ళని ఇళ్ళలోంచి పంపించాల్సొచ్చింది. కూల్చేటప్పుడు అంతస్తులు ఒక్కసారిగా కుప్పకూలడం టీవీల్లో మీరూ చూసే ఉంటారు. కాలిన కట్టడం చచ్చిన పాము కాదు బాబూ.

అమెరికాలో ఉన్నవాళ్ళకి ఇంకో సంగతి. మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో పదేళ్ళకి పైగా ఖాళీగా పడున్న ఓ కోల్డ్ స్టోరేజి గోడౌన్‌లోకి నిలువనీడ లేనివాళ్ళు చేరారు. 1999 డిసెంబరు 3న కొవ్వొత్తి పడి అది అంటుకుంది. లోపల మనుషులున్నారేమోనని వెతకడానికి వెళ్ళిన ఆరుగురు ఫైర్‌మెన్ చనిపోయారు. వెతుకుతున్నవాళ్ళు అప్పటికే బయటికెళ్ళిపోయారు. ఎవరూ పట్టించుకోని ఖాళీ కట్టడం దాని యజమానిని ఏమీ చెయ్యకపోవచ్చు, మూల్యం ఇంకెవరో కడతారు.

ప్యారిస్ నోత్ర్‌దామ్ చర్చి 2019 ఏప్రిల్ 15న కాలింది. వాళ్ళ దగ్గర డబ్బుకి కొదవలేదు, ప్రపంచం మొత్తం పంపించింది. అయినా పునర్నిర్మాణానికి ముందు రెండేళ్ళకి పైగా చేసిన పనేంటో తెలుసా? పైన కప్పడం, కమానుల కింద చెక్క ఊతాలివ్వడం, కరిగి అతుక్కుపోయిన పరంజా ఒక్కో గొట్టం కోసి దించడం. ఉన్నది పడిపోకుండా నిలబెట్టడమే మొదటి పని. 2024 డిసెంబరులో తెరిచారంటే ఆ రెండేళ్ళ పుణ్యమే.

"అదంతా తెల్లోళ్ళ వైభోగం, మనకెక్కడిది" అనే పెద్దమనిషికి నా జవాబు: ఈ విద్య మన డెల్టాకి కొత్తా? కోతల రోజుల్లో ఆకాశంలో మబ్బు కనపడితే అర్ధరాత్రయినా బరకాలు పట్టుకుని ధాన్యం రాశుల మీదకి పరిగెత్తే ఊళ్ళు కదా మనవి. దివిసీమలో ఎండాకాలం తాటాకిల్లు కాలితే, మర్నాటికి నలుగురూ నాలుగు బాదులు పాతి, కమ్మలతో దడి కట్టి, పైన ఓ పట్టా లాగి ఆ ఇంటివాళ్ళని నీడకి చేర్చేవాళ్ళని మా పిన్ని ఇప్పటికీ చెప్తుంది. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన సీమ అది. ముందు నీడ, తర్వాతే మిగతావి అని వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. పాక కాలితే దడి కట్టాలని తెలిసిన మనకి, మేడ కాలితే మాత్రం ఆ బుద్ధి ఎక్కడికి పోతుందో అర్థం కాదు. పాకకి వారసులు ఊళ్ళో ఉంటారు, మేడకి వారసులు వాట్సాప్‌లో ఉంటారు. తేడా అదేనేమో.

ఇక మామూలుగా వినపడే సాకులు.

"పంచనామా కాకుండా, సర్వేయరు చూడకుండా ముట్టుకోకూడదు." సగం నిజం. వస్తువులు కదపకూడదు, సాక్ష్యం చెరపకూడదు. పోలీసులకీ బీమావాళ్ళకీ చెప్పి, ప్రతి గదీ ఫొటోలు తీసి, బయటినుంచి అడ్డం కట్టడం సాక్ష్యాన్ని చెరపడం కాదు, కాపాడటం. బీమా పాలసీలు కూడా, జరిగిన నష్టం ఇంకా పెరక్కుండా యజమాని తగిన జాగ్రత్త తీసుకోవాలనే అంటాయి. పాత ఫైర్ పాలసీలో ప్రమాదం తర్వాత జరిగే దొంగతనానికి మామూలుగా రక్షణ ఉండేది కాదు. 2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన భారత్ గృహ రక్షలో, ప్రమాదం జరిగిన 7 రోజుల్లోపు దాని మూలంగా జరిగే దొంగతనాన్ని చేర్చారు. అంటే కాలిన ఇంటికి దొంగలొస్తారని బీమావాళ్ళకి తెలుసు. తెలియంది మా పెద్దమావయ్యకే. (మాకసలు పాలసీయే లేదు, ఆ సిగ్గు వేరే.)

"కాలిన ఇల్లు అరిష్టం, దాని మీద పైసా పెట్టకూడదు." గోడ పడి పిల్లాడి కాలు విరగడం శుభమా మరి?

"వాటాలు తేలనీ, అప్పుడు చూద్దాం." వాటాలు తేలడానికి తరం పట్టొచ్చు. వాన అంతకాలం ఆగదు.

"నోటీసు అంటించారుగా." పడిపోయేలా ఉన్న కట్టడాల మీద చర్య తీసుకునే అధికారం మున్సిపల్ చట్టాల్లో ఎప్పట్నించో ఉంది. హైదరాబాదులో అయితే 1955 నాటి చట్టంలో 456వ సెక్షను కింద నోటీసులిస్తుంటారు. కానీ కాగితం గోడకి అంటుకుని ఉంటుంది గానీ, గోడని పట్టుకుని ఉండదు. యజమాని రెండ్రోజుల్లో అడ్డం కట్టకపోతే మున్సిపాలిటీయే కట్టించి, ఆ ఖర్చు ఇంటిపన్నులో కలిపి ముక్కుపిండి వసూలు చెయ్యాలి. వారసులు డల్లాస్‌లో ఉన్నా సరే. విపత్తు సహాయనిధి నిబంధనల్లో తుపానుతో పాటు అగ్నిప్రమాదం కూడా విపత్తే. తుపానొస్తే ముందే పట్టాలు సిద్ధం చేసుకునే యంత్రాంగం, అగ్నిప్రమాదానికి మండలానికి పది బరకాలూ ఓ వడ్రంగినీ సిద్ధంగా పెట్టుకోలేదా?

సరే, తిట్టింది చాలు. మీ ఇంట్లోనో మీవాళ్ళ ఇంట్లోనో ఇలాంటిది జరిగితే (జరక్కూడదనే కోరుకుందాం) మొదటి రెండ్రోజుల్లో చెయ్యాల్సినవి:

1. కరెంటు స్తంభం దగ్గరే తీయించండి, మెయిన్ ఆపితే చాలదు. గ్యాస్ సిలిండర్లు బయటికి. ఫైర్‌వాళ్ళు సరేననేదాకా ఎవరూ లోపలికి వెళ్ళొద్దు.

2. ఇంజనీరుకో అనుభవమున్న మేస్త్రికో చూపించి, వంగిన దూలాలకీ శ్లాబులకీ కింద పోట్లు పెట్టించండి. ఒంటరి గోడలకి పక్కనుంచి ఊతం, లేదా జాగ్రత్తగా దించేయడం.

3. మేడ మీదా గదుల్లోనూ నిలిచిన నీళ్ళు బయటికి పంపించండి. నీటి బరువు తక్కువేం కాదు.

4. కప్పు పోయినచోట బాదులతో వాలు కట్టి, దాని మీద బరకం. బల్లపరుపుగా కప్పితే మడుగవుతుంది.

5. కిటికీలకి బయట ప్లైవుడ్, లోపల అడ్డంగా రెండు చెక్క బద్దీలు, రెంటినీ కలిపి పొడుగు బోల్టులు, నట్లు లోపలివైపు. అప్పుడు బయటినుంచి ఊడదీయలేరు, కిటికీ చట్రానికి మేకుల దెబ్బా ఉండదు. ఊరికే మేకులు కొడితే ఓ గునపం చాలు. గాలాడటానికి పైనా కిందా కంతలు వదలండి, లేకపోతే లోపల చెమ్మ పట్టి కుళ్ళుతుంది.

6. ఒక్క తలుపు, ఒక్క తాళం, గోడ మీద పెద్దక్షరాల్లో "లోపలికి రావద్దు, గోడలు పడతాయి" అని తెలుగులో, కింద ఓ ఫోన్ నంబరు. ఆ నంబరుకి ఫోన్ చేస్తే ఎత్తే మనిషి ఊళ్ళోనో పక్కూళ్ళోనో ఉండాలి.

ఆరోదే అన్నిటికంటే కష్టమైనది. ప్లైవుడ్ బందరులో దొరుకుతుంది. బాధ్యుడే దొరకడు. మీ కుటుంబాల్లో అమ్మమ్మగారిదో తాతగారిదో నలుగురి పేర్న ఉన్న ఇల్లుంటే, ఈ ఆదివారమే ఓ పని చెయ్యండి. "ఏదన్నా అయితే ఎవర్నీ అడక్కుండా యాభైవేల దాకా ఖర్చుపెట్టే అధికారం ఫలానావాళ్ళకి" అని నలుగురూ ఒప్పుకుని గ్రూపులో రాసిపెట్టుకోండి. మేం ఇప్పుడు అదే చేశాం. ఆ అధికారం పిన్నికిచ్చాం, పెద్దమావయ్యే ప్రతిపాదించాడు.

ఇల్లు మాత్రం లేదు. కూల్చేసి చదును చేయించారు, చుట్టూ రేకులు కొట్టించారు. ఖాళీ స్థలానికి కొట్టించిన రేకులకి, ఆ రోజు పిన్ని అడిగినదానికంటే ఎక్కువే అయింది. మొన్న వెళ్ళినప్పుడు ఆ కుర్రాడు కనపడ్డాడు. మీసాలొస్తున్నాయి. కొంచెం కుంటుతున్నాడు. నన్ను చూసి, "బాగున్నారా అన్నయ్యా?" అనడిగాడు.