ఎకోలో అరవై శాతం

జ్వరంతో వచ్చిన మనిషికి బీపీ పడిపోతే ముందుగా సెలైన్ పెడతారు. పెట్టాల్సిందే. ఇన్ఫెక్షన్‌కు ఒళ్లు అదుపు తప్పి స్పందించే సెప్సిస్‌లో రక్తనాళాలు వదులైపోతాయి, వాటిలోని నీరు బయటికి ఊరిపోతుంది. కానీ సీసాల మీద సీసాలు ఎక్కుతున్నా బీపీ లేవట్లేదంటే గుండె వైపు చూడాలి. ఈసీజీ తీసి, గుండెపోటు కాదని తేల్చి, అక్కడితో వదిలేస్తున్నాం. నా భయమంతా దాని గురించే.

1984లో అమెరికాలో పార్కర్, పారిల్లో బృందం సెప్సిస్‌తో బీపీ పడిపోయి సెప్టిక్ షాక్‌లో ఉన్న 20 మందిని వరసగా పరీక్షించింది. గుండె నిమిషానికి పంపే రక్తం ఎవరిలోనూ తగ్గలేదు. అయినా పది మందిలో ఇజెక్షన్ ఫ్రాక్షన్, అంటే గుండెలో నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకు బయటికి నెట్టే వాటా, 40 శాతానికి దిగువన ఉంది. బతికి బయటపడ్డవాళ్లలో పది రోజుల్లో మళ్లీ మామూలు స్థాయికి వచ్చింది. మరుసటి ఏడాది అదే బృందం అలాంటి రోగుల సీరమ్‌ను అప్పుడే పుట్టిన ఎలుకల గుండె కణాల మీద వేసి చూసింది. పళ్లెంలో కొట్టుకుంటున్న ఆ కణాల ముడుచుకునే బలం తగ్గింది. అంటే గుండెను దించేదేదో రక్తంలోనే తిరుగుతోందన్నమాట.

అందులో ముఖ్యమైనవి రెండని 1996లో తేలింది: ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా. విడివిడిగా కన్నా రెండూ కలిస్తే దెబ్బ చాలా ఎక్కువ. వీటి ప్రభావంతో కణంలో నైట్రిక్ ఆక్సైడ్ పెరుగుతుంది. కండరం ముడుచుకోవడానికి కాల్షియం ఇచ్చే సంకేతానికి ట్రోపోనిన్ సరిగా స్పందించదు. మైటోకాండ్రియా దెబ్బతింటాయి. అడ్రినలిన్‌ను అందుకునే బీటా రిసెప్టర్లు మొద్దుబారతాయి. కండరం చచ్చిపోయి కాదు, పని మందగించి గుండె బలహీనపడుతుంది. తిరిగి కోలుకునేదీ అందుకే.

మోసపోయేది ఇక్కడే. నాళాలు వదులైనప్పుడు గుండెకు ఎదురు ఒత్తిడి తగ్గిపోతుంది, నీరసించిన కండరం కూడా రక్తాన్ని తేలిగ్గా నెట్టేస్తుంది. ఎకోలో ఇజెక్షన్ ఫ్రాక్షన్ అరవై శాతం కనిపిస్తుంది, రిపోర్టులో ‘నార్మల్’ అని పడుతుంది. నాళాలను బిగించే నార్‌ఎపినెఫ్రిన్ మొదలుపెట్టి బీపీ పెంచాక మళ్లీ చూస్తే కొందరిలో ఆ అంకె దిగజారుతుంది. మొదటి ఎకోతో ఊరుకున్న డాక్టరుకు అది తెలిసే దారే లేదు.

ఇక సీసాల సంగతి. 2011లో కెన్యా, టాంజానియా, ఉగాండాల్లో తీవ్ర జ్వరంతో రక్తప్రసరణ తగ్గిన 3,141 మంది పిల్లల మీద ఒక అధ్యయనం జరిగింది. ఒకేసారి ఎక్కువ ద్రవం ఎక్కించిన పిల్లల్లో 48 గంటల్లోపు మరణాలు 10 శాతం దాటాయి, ఎక్కించనివాళ్లలో 7.3 శాతం. చాలామందికి మలేరియా, ఐసీయూలు లేని ఆసుపత్రులు. కాబట్టి ఆ ఫలితాన్ని అందరికీ అంటగట్టలేం. అయినా అదనపు మరణాల్లో ఎక్కువ భాగం గుండె, రక్తప్రసరణ కుప్పకూలడం వల్లేనని తర్వాతి విశ్లేషణలో తేలింది. దాన్ని చదివాక కళ్లు మూసుకుని ఇంకో సీసా రాయడం నావల్ల కాదు.

ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్‌ను అడ్డుకునే మందులకు మనుషుల్లో ఆశించిన ఫలితం రాలేదు. ఇప్పటికీ చేయగలిగింది త్వరగా యాంటీబయాటిక్, బీపీ నిలబెట్టడం, గుండెను కనిపెట్టుకుని ఉండడం. ఇంకో సీసా రాసేముందు రోగి కాళ్లు పైకెత్తి, గుండె పంపే రక్తం పెరుగుతోందో లేదో ఎకోలో చూడండి. పెరగకపోతే ఆపండి. నార్‌ఎపినెఫ్రిన్ మొదలయ్యాక ఒకసారి, మర్నాడు ఇంకోసారి ఎకో ప్రోబ్ పెట్టి చూడండి.