ధూమరసికులు

టోలిచౌకి వీథిలో నొక వృద్ధుడు చుట్ట ముట్టించినయెడల ప్రక్కనున్న బాబు ముక్కు మూసికొని తొలగిపోవును. అచ్చటినుండి షేక్‌పేట మీదుగా ఫిల్మ్‌నగరు గుట్ట యెక్కినపిమ్మట ఆ బాబే మెత్తని కుర్చీలో జారగిలబడి, వ్రేలెడు సిగారును ముక్కుచెంత త్రిప్పుచు, ఇందు దేవదారు వాసన గలదనియు, వెనుక కాఫీ చేదు తగులుననియు, తుదకు మిరియపు కారము మిగులుననియు వర్ణించుచుండును. ముక్కొక్కటియే, ఆకును ఒక్క జాతిదియే. మారినది వెల. ఈ మార్పునకు రసికత యని పేరుపెట్టుకొనువారితో నాకు పేచీ గలదు.

ముందుగా వారి పక్షమును న్యాయముగా చెప్పవలయును. నేనును ఒకమారు దానిని రుచి చూచితిని. నాయొద్ద చదువుకొని చిత్రపరిశ్రమలో కుదురుకొన్న శిష్యు డొకడు, "మాస్టారూ, పొగ మింగకండి, నోట్లో నిలిపి వదిలేయండి" అని నేర్పెను. మూతి కత్తిరించి, మంట తగులనీయక అంచును మెల్లగా కాచి, నిమిషమున కొక గ్రుక్కచొప్పున పీల్చవలయును. తొందరపడిన ఆకు మాడి చేదెక్కును, ఆలసించిన ఆరిపోవును. మొదట తీపి, నడుమ చెక్కవాసన, కడపట కారము నాకును తోచినవి. అది కల్పన కాదు. కోసిన ఆకును ఆరబెట్టి, గుట్టలుగా పేర్చి, లోపలి వేడిమిచే నెలల తరబడి మాగనిచ్చుటచే ఘాటు విఱిగి పరిమళము పుట్టుచున్నది. ఆ పనితనమును గుర్తించుట దోషమని నే ననను.

కాని ఆ పనితనము మన యింట లేదా? గోదావరి లంకలలో వఱద తెచ్చిన ఒండ్రుమీద పెరిగిన పొగాకుతో చుట్టిన చుట్ట సముద్రములు దాటి కీర్తిగాంచినది. 1890లో కానన్ డాయిల్ ప్రకటించిన 'ది సైన్ ఆఫ్ ఫోర్' నవలయందు షెర్లాక్ హోమ్స్ పొగాకు బూడిదలనుగూర్చి మాటలాడుచు ఈ లంకచుట్టనే ఉదాహరించెను. ఆంగ్లేయుల 'చెరూట్' శబ్దము తమిళుల 'శురుట్టు'నుండి పుట్టినది. అది మన చుట్టకు దాయాది. ఇట్టి చుట్టను మోటుదని త్రోసివేసి, నికరాగువా, డొమినికన్ దేశముల ఆకును మాత్రము నాగరకమని కన్నుల కద్దుకొనుట నాలుక తీర్పు కాదు, జేబు తీర్పు.

రసికత యను మాట మన శాస్త్రముల సొత్తు గనుక, ఆ శాస్త్రమునే అడిగిచూతము. రసాస్వాదమునకు సాధారణీకరణము ముఖ్యమని భట్టనాయకుడు చెప్పెను. తాను, తనది యను భేదము కరగిపోయినప్పుడే సహృదయుడు రసము ననుభవించును. సిగారు సభలో కరగిపోవునది ఆకు మాత్రమే. 'నేను' మఱింత బిగియుచున్నది. ఎవనిది ఏ దేశపుది, దాని వెల యెంత, పెట్టె యెట్టిది అను ప్రసంగమే అచ్చట ప్రధానము. అది ఆస్వాదము కాదు, అంతస్తు.

కొందఱు చరకుని సాక్ష్యమునకు పిలుతురు. చరకసంహిత సూత్రస్థానమున ధూమపాన మున్నమాట నిజమే. అది ఔషధద్రవ్యములతో చేసిన వర్తి, పొగాకు కాదు. పొగాకు అమెరికాఖండమునుండి పోర్చుగీసువారిద్వారా వచ్చినది. 17వ శతాబ్ద్యారంభమున బిజాపురమునుండి అసద్ బేగు దానిని అక్బరు సభకు గొనిపోయెను; 1617లోనే జహంగీరు దానిని నిషేధించెను. చరకు డెఱుగని ఆకునకు చరకునిచే యోగ్యతాపత్ర మిప్పించుట గిరీశము తర్కము. 'కన్యాశుల్కము'న గురజాడవారు అట్టి తర్కమును నవ్వించుటకు వ్రాసిరి; మనవారు దానిని ప్రమాణముగా గైకొనిరి.

ఇక అసలు సంగతి. మా నాయనమ్మది శ్రీకాకుళపు తీరగ్రామము. అక్కడి స్త్రీలు పెక్కండ్రవలె ఆమెయు నిప్పుకొనను నోటిలో నుంచుకొని అడ్డపొగ త్రాగెడిది. పొలమునను, పొయ్యిచెంతను ఆమె నోట చుట్ట యుండెడిది. ఆ రుచి యెట్టిదని ఆమె నెవ్వరును అడుగలేదు. మోటు అలవాటని మేము చదువుకొన్న మనుమలము నవ్వితిమి. అంగిలిలో పుండు పుట్టి, కడపట గంజియు దిగక ఆమె పోయినది. అడ్డపొగకును అంగిలి రాచపుండునకును గల సంబంధమును వైద్యులు గ్రంథస్థము చేసియున్నారు. ఆమె చుట్టకును నా శిష్యుని సిగారునకును పరిమళమున భేద ముండవచ్చును. విషమున కులభేదము లేదు.

"మేము మ్రింగము" అందురు. మ్రింగకున్నను సిగారుపొగ క్షారగుణము గలది గనుక, నికోటిను నోటి పొరలనుండియే రక్తమున జేరును. నోరు, నాలుక, గొంతు, అన్నవాహిక రాచపుండ్లు మ్రింగనివారిని వదలవు. "చిన్నది గదా" అందురు. సిగరెట్టులో నొక గ్రామునకు లోబడి పొగాకుండగా, ఈ చిన్న సిగారులో సుమారు 3 గ్రాము లుండును. "రైతు బ్రదుకవలదా" అందురు. పరదేశపు సిగారు కాల్చినచో లంక రైతునకు చేరు పైస యెంత?

చిత్రనిర్మాతలతో నొక్క మాట. 2012నుండి పొగ త్రాగు దృశ్యము క్రింద హెచ్చరిక వ్రాయవలయునను నియమము గట్టిగా అమలులోనికి వచ్చినది. అడుగున చిన్న యక్షరములలో హెచ్చరిక. పైన నిలువెత్తు కథానాయకుని పెదవులమధ్య సిగారు. పిల్లవాడు దేనిని చదువును? ముప్పది పిల్లల తరగతిలో ప్రతిదినము నిలుచువాడను. వారు వ్రాత చదువరు, నడక చదువుదురు. ఐశ్వర్యమును జూపుటకు మీకు మఱి యే చిహ్నమును దొరకలేదా?

నేను నిషేధమును కోరుటలేదు. పెద్దవాడు తెలిసి కాల్చినచో ఆ ఫలము వానిది. కాని తెలిసి కాల్చవలయును. దేవదారు, కాఫీ, మిరియము అని పొగడినవాడు నాలుగవ గుణమునుకూడ పేరు పెట్టి చెప్పవలయును. అది మా నాయనమ్మ అంగిలి చెప్పినది. అది చెప్పని రసికత సగము రుచియే. చెప్పుటకు ధైర్యము చాలనివారు కనీసము ఒక్క పని చేయుడు: టోలిచౌకి వృద్ధునిచెంత ముక్కు మూసికొనకుడు. మీరు కాల్చునదియు చుట్టయే.