వేఱు వేఱు కాలముల మల్లులకు పోరు పెట్టవచ్చునా?

రాత్రి భోజనములైన పిమ్మట వసతిగృహపు వరండాలో మన బాలురు చేయు వాదము నొకదానిని ఈ నడుమ చాటుననుండి వింటిని. ముష్టియుద్ధములో మహమ్మదాలీయు జో లూయీయు తలపడినచో గెలుపెవ్వరిది యని ప్రశ్న. ఇరుపక్షములవారును గొంతు చించుకొని యఱచిరి గాని, గంట కొట్టువఱకు తగవు తీరలేదు. భీముడు గొప్పయా, బలరాముడు గొప్పయా యని మా చిన్ననాట మేమును ఇట్లే కలహించితిమి గావున నేను వారిని మందలింపలేదు. అయినను వారి వాదములో నొక లోపము కలదు.

బాలురు ముందుగా చూచునది తూకము. రాకీ మార్సియానో 49 పోరులాడి, ఒక్కటియు నోడక, 1956లో విరమించెను. ఆయన బరువు 185 పౌనుల ప్రాంతము. నేడు 200 పౌనులకు మించినవారినే హెవీవెయిట్లందురు గనుక ఆ మహావీరునికి ఈ తరగతిలో చోటే లేదు. 2020లో టైసన్ ఫ్యూరీ 273 పౌనులతో బరిలో దిగినాడు. ఇక పోలికయేమున్నదని బాలురు నవ్వుదురు. కాని 1919 జూలై 4వ తేదీన టొలీడోలో 187 పౌనుల జాక్ డెంప్సీ, 245 పౌనుల జెస్ విల్లర్డును మొదటి రౌండులోనే ఏడుమార్లు నేలగూల్చెను!

ఇచ్చట మఱియొక సంగతి చెప్పకున్న న్యాయము కాదు. నాటి నిబంధనలనుబట్టి డెంప్సీ పడినవాని సరసనే నిలిచి, వాడు లేచుచుండగనే మరల కొట్టినాడు. 1927లో చికాగోలో జీన్ టన్నీని పడగొట్టినప్పుడో, దూరపు మూలకు పోయి నిలువవలెనను నియమముండెను. డెంప్సీ జాగుచేసెను, అంకెలు లెక్కించుటయు జాగాయెను, టన్నీకి సుమారు 14 సెకండ్ల విరామము దొరకెను. అతడు లేచి, తుదకు గెలిచెను. కావున గెలుపెవ్వరిదని యడుగుటకు ముందు, ఎవరి నిబంధనలతో, ఎన్ని రౌండ్లు అని యడుగవలెను. 1910లో రీనోలో జాక్ జాన్సన్, జెఫ్రీస్ 45 రౌండ్ల పోరునకు సిద్ధపడిరి. అలీ కాలమున 15. నేడు 12 మాత్రమే.

ఈ తగవును యంత్రముచేత తీర్పించుటయు జరిగినది. 1967లో అమెరికాలో మరే వోరోనర్ అనునతడు పదునాఱుగురు వీరుల వివరములను కంప్యూటరున కిచ్చి, వచ్చిన ఫలితములను రేడియోలో పోరులవలె వినిపించెను. అందు అలీ జెఫ్రీస్ చేతిలో నోడెను! జెఫ్రీస్ తాను విజేతగా నున్నంతకాలము నల్లజాతివారితో ఆ బిరుదునకై పోర నిరాకరించినవాడు. అలీ యన్ననో, సైన్యములో చేరనన్నందుకు ఆ యేడే బిరుదు పోగొట్టుకొని, 1970 వఱకు బరిలో కాలిడలేకపోయెను. బ్రతికియున్న మల్లుని బరికి దూరముచేసి, కాగితముపై నోడించుట ఎంత విడ్డూరము! అలీ పదిలక్షల డాలర్లకు దావా వేసెను. అది రాజీపడి, 1969లో ఆయనయు, పదుమూడేండ్లనాడే విరమించిన మార్సియానోయు చలనచిత్రము కొఱకు ఉత్తుత్తి పోరాడిరి. మార్సియానో అందులకై ఒడలు తగ్గించుకొని, తలకు కృత్రిమకేశములు ధరించెను. చిత్రము వెలువడకమున్నే ఆగస్టు 31వ తేదీన విమానప్రమాదమున మరణించెను. 1970లో అమెరికాలో చూపిన చిత్రమున పదుమూడవ రౌండులో మార్సియానో గెలిచెను; ఐరోపాలో చూపినదానిలో అలీ గెలిచెను. యంత్రమునకు సయితము ప్రేక్షకుల మొగమోటమి తప్పలేదు గాబోలు.

అయినచో నా తీర్పేమందురు? 1967 నాటి అలీని, 1938లో ష్మెలింగును మొదటి రౌండులోనే కూల్చిన లూయీని 15 రౌండ్లకు నిలుపుదము. లూయీ దెబ్బ సూటిది, కురుచది. అలీయో చేతులు దించి, వెనుకకు వాలి తప్పించుకొనువాడు. 1963లో హెన్రీ కూపర్ ఎడమచేతి దెబ్బకు నేలబడినవాడే. ఈ లోపము లూయీకంట పడకపోదు. అయినను 1941లో తనకంటె మిక్కిలి తేలికవాడగు బిల్లీ కాన్, పాదముల చుఱుకుదనముచేతనే లూయీని పండ్రెండు రౌండ్లు వేధించెను. పదుమూడవదానిలో కాన్ తెగబడి ఓడెను. అలీకి అంతకు మించిన చుఱుకుదనము, దానితోపాటు లూయీని మించిన యెత్తును గలవు. కావున అంకెలమీద అలీకే గెలుపు నిత్తును. బాలురు కోపగింపవచ్చును.

కాని నా మనసున మెదలు పోరు వేఱొకటి. డెంప్సీ విజేతగా నున్ననాడు హ్యారీ విల్స్ అను నల్లజాతి మల్లుడు ఆయనతో పోరుటకై యేండ్లతరబడి వేచియుండెను. ఇరువురును ఒకే దేశమున, ఒకే కాలమున నుండిరి. 1925లో ఒడంబడికపై సంతకములును జరిగెను. పోరు మాత్రము జరుగలేదు. 1915లో హవానాలో జాన్సన్ ఓడినది మొదలు 1937లో లూయీకి అవకాశము వచ్చువఱకు, ఇరువదిరెండేండ్లు, ఏ నల్లజాతివానికిని ఆ బిరుదునకై పోరు దక్కలేదు. వరండాలోని బాలురు ఈసారి డెంప్సీకిని విల్సుకును పోరు పెట్టినయెడల, చాటున నిలువక నేనును వచ్చి వారినడుమ కూర్చుందును.